బల్ల జరుపబోయిన కథ

(వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు విద్యావిషయమును గూర్చి ప్రసంగింపవలసినదని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. ముప్పదియేండ్లకు పైగా పిల్లలచేత శబ్దములును ధాతువులును వల్లె వేయించిన మాకు ఆ విషయము క్రొత్తది కాదు. అయినను నేడు దానిని విడిచి, మన కార్యాలయపు గదిలో ఒక బల్లను జరుపబోయి మేము పడిన పాట్లను మీకు విన్నవింపదలచితిమి. ఇది హాస్యమునకై చెప్పు కథ కాదు. నవ్వు వచ్చినచో నవ్వుడు, మాకు అభ్యంతరము లేదు. సంఘధనము వ్యయమైన చోట సంఘమునకు సమాధానము చెప్పుట కార్యదర్శి ధర్మము. ఆదాయవ్యయ పట్టికలో అంకెలు మాత్రమే యుండును. ఆ అంకెలు ఏ రీతిని పెరిగెనో అందుండదు. అది చెప్పుటకే మీ యెదుట నిలిచితిమి.

మన విద్యార్థి వసతిగృహమునకు ముందుభాగమున నున్న గదియే మన కార్యాలయమని మీరెరుగుదురు. పొడవు పదునారడుగులు, వెడల్పు పండ్రెండడుగులు. పైన పాతకాలపు మద్రాసు టెరాసు మిద్దె: టేకు దూలములు, వానిపై అంచున నిలిపి పేర్చిన సన్నని యిటుకలు, ఆపైన సున్నపు గార. క్రింద నాపరాళ్ళ నేల. తూర్పున ఒక కిటికీ, దానికి అడ్డముగా ఇనుప బీరువా. నైరుతి మూలను గుమాస్తాగారి బల్ల. దక్షిణపు గోడ పొడవునను కొయ్య అరలు, వానిలో రిజిష్టర్లు. అరలకు పైగా దాతల పటములు. ఈ అమరిక ఎవరు చేసిరో తెలియదు గాని, చిరకాలముగా అట్లే యుండెను.

2023వ సంవత్సరము జూన్ నెలలో ఒకనాడు గుమాస్తాగారు మాతో నిట్లనిరి: "అయ్యా, నాలుగు దాటిన తరువాత అంకెలు కనబడుటలేదు. నా బల్ల మీద ఒక దీపము పెట్టించినచో చాలును." ఆయనకును మావలెనే అరువదియేండ్లు దాటినవి. కోరినది న్యాయమైన కోరిక. ఖర్చు మూడువందల రూపాయలకు మించదు. కాని మాకు పొదుపు మీద ప్రీతి యెక్కువ. "సూర్యభగవానుడుండగా దీపమెందులకు? బల్లను కిటికీ చెంతకు జరిపెదము" అంటిమి. తూర్పు కిటికీ సాయంకాలమున వెలుగీయదను సంగతి, ప్రతిదినము సూర్యునకు అర్ఘ్యమిచ్చు మాకు, ఆ క్షణమున తోచలేదు. గుమాస్తాగారికి తోచియే యుండును. ఆయన వినయవంతులు గనుక మారుపలుకలేదు.

మరుసటి ఆదివారమునాడు కోశాధిపతిగారును, రెవిన్యూశాఖలో పనిచేసి విరమించిన మరియొక సభ్యులును, వసతిగృహపు విద్యార్థులు నలుగురును, మేమును కూడితిమి. కూలివాండ్రను పిలువవలదని నిశ్చయించితిమి. "మనకు చేతులు లేవా?" అని అందరికంటె బిగ్గరగా అన్నవారము మేమే.

బల్ల కిటికీ చెంతకు రావలెనన్నచో బీరువా అచ్చటనుండి కదలవలెను. బీరువా ఎచ్చట నుంచవలెనని ప్రశ్న వచ్చెను. ధనాగారము నైరుతియందుండి ఉత్తరమునకు తెరచుకొనవలెనని రెవిన్యూ మిత్రులు వాస్తుశాస్త్రమును ఉదాహరించిరి. నైరుతి మూలనుండి బల్ల తొలగిపోవుచున్నది గనుక అదియు కుదిరినట్లే తోచెను. కాని కొలిచి చూడగా, దక్షిణపు గోడ అరలు ఆ మూలలోనికి అడుగున్నర చొచ్చుకొని యున్నవి. కావున అరలను తీయవలెను. అరలు తీయవలెనన్నచో రిజిష్టర్లను దింపవలెను. రిజిష్టర్లు దింపునప్పుడు ధూళి పడునని దాతల పటములను కూడ దింపితిమి. మధ్యాహ్నము పండ్రెండు గంటలయ్యెను. బల్ల ఇంకను తన చోటనే యున్నది.

తర్కశాస్త్రమున దీనిని అనవస్థాదోషమందురు. ఒకదానికి ఆధారముగా మరియొకటి, దానికి వేరొకటి, ఇట్లు ఎచ్చటను నిలుకడ లేక సాగిపోవుటయే అనవస్థ. ఈ లక్షణమును మేము ఎందరో విద్యార్థులకు బోధించితిమి. మా చేతిలో గడ్డపార యున్నప్పుడు మాత్రము అది జ్ఞప్తికి రాలేదు.

బీరువాను ఖాళీచేయకయే గడ్డపారతో ఎత్తి జరిపితిమి. బరువున కోర్వలేక రెండు నాపరాళ్ళు పగిలెను. దక్షిణపు అరలను ఊడదీయగా గోడపై మట్టిగీతలు చెట్టుకొమ్మలవలె వ్యాపించి కనబడెను. చెదలు! నేలలోని పుట్టనుండి తేమను విడువకుండుటకై అవి మట్టితో సొరంగములు కట్టుకొని పైకి ప్రాకును. వానిని చీపురుతో రాల్చివేసినంత మాత్రమున చెద పోదు. పుట్ట నేలలోనే యుండును. అరల క్రింది వరుసలోని ప్రవేశపు రిజిష్టర్లు మూడు, పైకి అట్టలు చెక్కుచెదరక, లోపల జల్లెడలయి యున్నవి. పిలిపించిన తాపీమేస్త్రి గోడను తట్టి చూచి, నిచ్చెన వేసికొని పైకెక్కి, గోడలో దిగిన దూలపు కొనను ఉలితో పొడిచెను. ఉలి వెన్నలో దిగినట్లు దిగెను. చెద అచ్చటి దాకను పోయినది. దూలమునకు చేరువనే గోడలో బీట. కృష్ణా పశ్చిమ డెల్టాలోని మన నల్లరేగడి నేల వానకు ఉబ్బును, ఎండకు కుంచించును. పాత పునాదుల గోడలు బీటలువారుట మన ప్రాంతమున వింత కాదు.

సోదరులారా! ఇచ్చట ఒక్క మాట న్యాయముగా చెప్పవలెను. ఆ దూలము మా కంటబడుట మేలే అయినది. ఆ గది మిద్దె మీదనే మన పిల్లలు వేసవి రాత్రులు పరుండుదురు. దూలమునకు క్రింద ఇనుపగర్డరు నిలిపి, పునాది వెంట నేలలో చెదలమందు నింపించితిమి. ఈ పనికైన ప్రతి పైసయు అవశ్యవ్యయమే. అంతటితో నిలిచియుండిన ఈ ఉపన్యాసమే అక్కరలేకపోయెడిది.

మేము నిలువలేదు. కిటికీ చెంతకు చేరిన బల్ల మీద కంప్యూటరును ప్రింటరును పెట్టగా, తూర్పుగోడకు ప్లగ్గు లేదు. గదికి అడ్డముగా తీగెను లాగి పలుప్లగ్గుల పెట్టె నుంచితిమి. ఒకనాడు దానికే ప్రింటరును, కాఫీ కాచు విద్యుత్పాత్రను కూడ తగిలింపగా, కాలిన వాసన వచ్చి గదియంతయు చీకటయ్యెను. విద్యుత్పనివాడు వచ్చి, "ఇది దీపాలకూ ఫ్యాన్లకూ వేసిన సన్నతీగ మాష్టారూ. దీనికి ఎర్తు కూడా లేదు. పెద్ద బరువు మొయ్యదు" అని చెప్పెను. దీపములకు ఆరు ఆంపియర్ల ప్లగ్గు, ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల తీగె చాలునట. నీరు కాచునట్టి వానికి పదునారు ఆంపియర్ల ప్లగ్గు, అంతకంటె లావుపాటి తీగె, తప్పక భూసంబంధము ఉండవలెనట. సంస్కృతవ్యాకరణము చదివిన మాకు ఈ వ్యాకరణము తెలియదు. తెలియని దానిని తెలిసినవానిని ముందే అడుగకపోవుటయే మా దోషము.

క్రొత్త తీగెలకై గోడలు చెక్కించితిమి. చెక్కిన గోడలకు సిమెంటు పూయించితిమి. పూత ఒకచోట తెల్లగను ఒకచోట నల్లగను ఉండుటచే గదికంతకు రంగు వేయించితిమి. గోడలు మెరయగా పగిలిన నాపరాళ్ళు మరింత వికారముగా కనబడెను. రెండు రాళ్ళు మార్చినచో చాలును. అయినను నేలకంతకు టైల్సు పరపించితిమి. నేల అంగుళమునకు పైగా ఎత్తెక్కుటచే తలుపు తెరచుకొనలేదు. వడ్రంగిని పిలిపించి తలుపు అడుగు కోయించితిమి. ఇంతలో ఒక పోషకులు దయతో శీతలయంత్రము నిచ్చెదమనిరి. దానికై ఎత్తయిన మిద్దె క్రింద తేలిక పైకప్పు కట్టవలెననియు, విద్యుచ్ఛాఖవారి వద్ద మంజూరైన లోడును పెంపించుకొనవలెననియు తేలెను. మేము అందులకును సిద్ధపడియే యుంటిమి. ఆనాడు కోశాధిపతిగారు పద్దుపుస్తకము తెచ్చి మా యెదుట పరచి, "మాష్టారూ, ఇంక నాలుగువేలున్నవి" అనిరి. అప్పుడు ఆగితిమి. వివేకము చేత కాదు. ధనము లేమి చేత.

అదియు ఒక విధముగ మేలాయెను. తేలిక పైకప్పు వేసియుండిన, దూలములను మరుగుపరచి, చెదలకు నిర్భయమైన నివాసమును మన చేతులతోనే కట్టియిచ్చిన వారమయ్యెడివారము.

ఇట్టి వ్యామోహము మనకొక్కరికే కాదు. ఫ్రాన్సు దేశమున విశ్వకోశ నిర్మాతగా ప్రసిద్ధికెక్కిన డెనిస్ డిడెరో అను పండితుడు, 1769 ప్రాంతమున, తన పాత అంగీని గూర్చి విచారించుచు ఒక వ్యాసము వ్రాసెను. ఆయనకు క్రొత్త అంగీ యొకటి లభించెను. దాని సొగసు ముందు పాత కుర్చీ వెలవెలబోయెను, కుర్చీ మార్చెను. బల్లయు పటములును మారెను. కడపట గది నూతనమయ్యెను, పండితుడు క్రొత్త అంగీకి దాసుడయ్యెను. మన దేశమున కౌపీనమును ఎలుకలనుండి కాపాడుకొనుటకై పిల్లిని, పిల్లి పాలకై ఆవును, ఆవు మేతకై పొలమును సంపాదించి సంసారియైన సన్న్యాసి కథ బాలురకు గూడ తెలియును. కథ తెలిసియుండుట వేరు, కథలో తానే యున్నానని తెలియుట వేరు.

ఇక పటముల సంగతి. వానిని దింపునపుడు వరుసను వ్రాసికొనలేదు. రంగు ఆరిన తరువాత వ్రేలాడదీయబోగా, నడుమ నెవరి పటముండవలెనని వాదము పుట్టెను. భూదానము చేసినవారిదని కొందరు, భవనము కట్టించినవారిదని కొందరు. మేము తోచినట్లు అమర్చితిమి. ఒక దాతగారి పటము ద్వారము ప్రక్కకు వచ్చెను. ఆయన మనుమలు ఆ మాసమున కార్యాలయమునకు వచ్చి, చూచి, మాటాడక వెడలిపోయిరి. ఏటేట వారిచ్చు విరాళము ఆ యేడు రాలేదు. వారిపై మాకు కోపము లేదు. తాతగారి పటము చెప్పులు విడుచు చోటికి వచ్చినచో ఎవరి మనస్సు నొవ్వదు? వారికి ఈ సభాముఖముగ క్షమాపణ చెప్పుకొనుచున్నాము.

ఇంతవరకు చెప్పినది ధననష్టము. ఇకముందు చెప్పునది మాకు కష్టమైనది.

రిజిష్టర్లను దింపిన దినమున, కట్టలు కట్టి వసతిగృహపు బియ్యపు కొట్టులో వేయించితిమి. కట్టల మీద ఏమియు వ్రాయలేదు. ఆ వారమే వచ్చిన విద్యార్థివేతన దరఖాస్తులును ఆ కట్టలలో కలిసిపోయెను. పండ్రెండుగురు బీదవిద్యార్థులకు తలకు రూ. 5,000 చొప్పున ఇయ్యవలసిన రూ. 60,000 విద్యార్థివేతన నిధిలో నుండెను. గర్డరు, తీగెలు, టైల్సు వీనికై చేతిలో సొమ్ము చాలనపుడు, "నెలలో పూడ్చెదము" అని ఆ నిధినుండి తీసితిమి. తీర్మానము లేదు, మా సంతకమును కోశాధిపతిగారి సంతకమును మాత్రమే కలవు. నెలలో పూడ్చలేకపోతిమి. వేతనములు మూడు మాసములు ఆలస్యమయ్యెను. పదునొకండుగురు ఎట్లో సర్దుకొనిరి. ఒక బాలిక, డిగ్రీ రెండవ సంవత్సరము చదువుచున్నది, పరీక్షరుసుము గడువు లోపల కట్టలేకపోయెను. ఆమె తండ్రి లేడు. తల్లి కూలికి పోవును. అపరాధ రుసుముతో కట్టుటకై ఆ తల్లి తన చెవికమ్మలను తాకట్టు పెట్టెను.

ఈ సంగతి మాకు ఆ బాలిక చెప్పలేదు, గుమాస్తాగారు చెప్పిరి. మేము ఆ యూరు పోయితిమి. ఆమె పీట వేసి, మంచినీళ్ళిచ్చి, "ఆఫీసు గది బాగుచేసుకున్నారంట గదా మాష్టారూ, మంచిదే. ఆలస్యమవుద్దని పిల్లకి ముందుగా ఒక మాట చెప్పుంటే ఇంకోచోట అడుక్కునేదాన్ని" అనెను. ఎత్తిపొడుపు కాదు, నిష్ఠురము కాదు, ఉన్న మాట. మాకు సమాధానము దొరకలేదు. చెవికమ్మలను మా ఉపకారవేతనమునుండి విడిపించి యిచ్చితిమి. ఇది దానమని ఎవరును ఎన్నవలదు. ఋణము తీర్చుట దానము కాదు.

కొట్టులోని కట్టలు విప్పునపుడు దరఖాస్తులతోపాటు ఒక పాత చిఠ్ఠాపుస్తకము దొరకెను. 1938వ సంవత్సరపుది. అంచులు చెద తినినది, నడుమ అక్షరములు నిలిచినవి. రూపాయి, అణా, పై గడులు గీసియున్నవి. పదునారణాల రూపాయి, పండ్రెండు పైల అణా. 1957 ఏప్రిల్ 1వ తేదిన దశాంశ నాణెములు వచ్చువరకు లెక్క అదియే. అందు ఒక పుటయంతయు పిడికెడు బియ్యపు పద్దు. పొయ్యిమీద ఎసరు పెట్టునపుడు ఇల్లాలు ఒక పిడికెడు బియ్యము వేరు కుండలో వేయుట, వారాంతమున సంఘమువారు వచ్చి కొలుచుకొని పోవుట, ఆ బియ్యము అమ్మి విద్యార్థులకు భోజనము పెట్టుట: ఆ కాలమున ఆంధ్రదేశపు అనేక సంస్థలు ఈ రీతినే బ్రదికినవి. ఇంటికొక పంక్తి. కొన్ని పంక్తులలో పేరు లేదు. "పడమటి వీధి విధవరాలు, రెండణాలు" అని మాత్రమే యున్నది. ఆ రెండణాలకును రసీదు సంఖ్య కలదు, సంతకము కలదు. రెండణాలకు వారు చూపిన శ్రద్ధను అరువదివేల రూపాయలకు మేము చూపలేదు. ఆ పుస్తకము ముందు చాలసేపు కూర్చుండిపోతిమి.

మీమాంసకులు కర్మలను ప్రధానమనియు అంగమనియు విభజింతురు. అంగము ప్రధానమునకై యున్నది. ప్రధానమును చెరచు అంగము అంగమే కాదు. మన సంఘమునకు ప్రధానము బీదపిల్లల చదువు. కార్యాలయము దానికి అంగము, గది కార్యాలయమునకు అంగము, బల్ల గదికి అంగము. మేము బల్లతో మొదలిడి ప్రధానమును మరచితిమి. గ్రంథాలయశాస్త్రమునకు మన దేశమున పునాదులు వేసిన శియాళి రామామృత రంగనాథనుగారు, 1931లో ప్రకటించిన తమ సూత్రములయందు, చదువరి కాలమును వృథా చేయరాదని విధించిరి. కార్యాలయమునకును అదియే కొలత. వెదకువానికి కాగితము వెంటనే దొరకినచో అమరిక మంచిది; గోడల రంగు దానికి సాక్షి కాదు.

మొత్తము వ్యయము రూ. 1,86,400. ఇందు గర్డరు, చెదలమందు, విద్యుత్తీగెలు అవశ్యములని మా నమ్మకము, అవి రూ. 98,000. తక్కిన రూ. 88,400 మా అవివేకపు వెల. విద్యార్థివేతన నిధికి చెల్లవలసిన రూ. 60,000లో రూ. 35,000 మేమును కోశాధిపతిగారును సమభాగముగ చెల్లించితిమి. ఆ సొమ్మునకు పోషకులొకరు చేబదులిచ్చిన రూ. 25,000 చేర్చి ఆలస్యమైన వేతనములన్నియు ఇచ్చివేసితిమి. చేబదులును రాబోవు ఉగాదిలోపల మేమే తీర్చెదము. ఇందులకై పోషకులను చందా యడుగుట లేదు. మా తప్పునకు మీరు చెల్లింపవలదు. మీరిచ్చునది పిల్లలకిండు.

ఈ యనుభవమునుండి కొన్ని నియమములను మహాసభ అంగీకారమునకై ప్రతిపాదించుచున్నాము.

మొదటిది: విద్యార్థివేతన నిధి వేరు ఖాతాలో నుండవలెను. కార్యవర్గ తీర్మానముతో గూడ దానిని వేరుపనికి వాడరాదు.

రెండవది: ఏ వస్తువును జరుపుటకు ముందైనను గదిని కొలిచి, కాగితముపై గీసి, వస్తువుల కొలతలకు కాగితపు ముక్కలు కత్తిరించి వానిని జరిపి చూడవలెను. కాగితపు బీరువా నాపరాళ్ళను పగులగొట్టదు.

మూడవది: దింపిన ప్రతి కట్టకు అంకె వేసి, ఏ కట్టలో ఏమున్నదో పట్టిక వ్రాయవలెను. గడువు గల కాగితములను కట్టలలో కలుపక ఒక పెట్టెలో ఉంచి, దాని తాళము గుమాస్తాగారి వద్ద నుంచవలెను.

నాలుగవది: బీరువాలును అరలును గోడకు ఆరంగుళముల ఎడముగ నుండవలెను. ఏటికి రెండుమారులు వాని వెనుక దీపము వేసి చూడవలెను. చెదను ముందుగా చూచినవాడే గెలుచును.

ఐదవది: విద్యుత్తు, దూలము, పునాది, వీనిని ముట్టుటకు ముందు తెలిసినవానిని పిలువవలెను. మన చేతులు మనకున్నవి నిజమే; అన్ని పనులకును అవి చాలవు.

ఆరవది: దాతల పటములు దానము చేసిన సంవత్సరముల వరుసను ఉండవలెను. ఆ వరుసను మినిట్సు పుస్తకమున వ్రాసియుంచవలెను. ఎవరు ఎక్కువ, ఎవరు తక్కువ యను ప్రశ్న గోడమీద పుట్టరాదు. మొదటి స్థానమున పటము లేని ఒక చట్రముండవలెనని మా కోరిక. అందులో ఆ చిఠ్ఠాపుస్తకపు పిడికెడు బియ్యపు పుట ప్రతి నుంచెదము. పేరు వ్రాయించుకొనని ఆ తల్లులు మన ఆదిదాతలు.

ఏడవది: పనికి ముందు ఇంత ధనము, ఇంత కాలము అని హద్దు వ్రాసికొని, హద్దు చేరగానే పని ఎచ్చటనున్నను ఆపి, కార్యవర్గమును పిలువవలెను.

గుమాస్తాగారి బల్ల ఇప్పుడు ఎచ్చట నున్నదని మీరడుగవచ్చును. కిటికీ చెంతనే యున్నది. ఉదయమున ఎండ కండ్లలో పడుచున్నదని ఆయన తెర వేసికొనిరి. సాయంకాలమునకై బల్లమీద ఒక దీపము పెట్టించితిమి. దాని వెల రూ. 280. ఈ సంవత్సరము దరఖాస్తులన్నియు ఆ దీపము క్రిందనే పరిశీలింపబడి, పండ్రెండు వేతనములును గడువునకు ముందే చేరినవి. ఆ బాలిక పరీక్ష తప్పక ఉత్తీర్ణురాలై మూడవ సంవత్సరము చదివినది.

చెప్పవలసినది చెప్పితిమి. ఈ నియమములను మహాసభవారు అంగీకరించినచో కృతజ్ఞులము. కార్యదర్శి పదవికి వేరొకరు తగినవారని తోచినచో, తాళపుచెవులను ఈ వేదికమీదనే ఒప్పగించుటకు సిద్ధముగ నున్నాము.